ఆఱు నెలల మందు: మూడవ నెలలో మానుట యేల?

సేద్యగాండ్ర పత్రికలో క్షయరోగమును గూర్చిన వ్యాసమేల యని పాఠకులలో గొందఱకు సందేహము గలుగవచ్చును. విత్తనము, ఎరువు, పరపతి, పంట యమ్మకము, ఇవియే గదా మనము నిత్యము ముచ్చటించుకొను విషయములు. అయినను సంఘపు బాకీల పుస్తకమును ముందుంచుకొని, వాయిదా తప్పిన సభ్యుల యిండ్ల స్థితిగతులను విచారించి చూచినచో, పైరు పోవుట, పెండ్లి ఖర్చు, దీర్ఘవ్యాధి యను మూడు కారణములు మాటిమాటికి నెదురగును. ఆ వ్యాధులలో, మంచి వయసులోనున్న పనివానిని పట్టి నెలల తరబడి నాగలికి దూరము చేయునది క్షయ. కావున నిది వైద్యుల విషయము మాత్రమే గాదు. మన విషయము గూడ.

ఈ వ్యాధి యిప్పుడు కుదురునట్టిది. తెమడ పరీక్షకు గాని, మందునకు గాని ప్రభుత్వ వైద్యశాలలలో రోగి పైసా చెల్లింప నక్కఱలేదు. అయినను ప్రపంచమందలి క్షయరోగులలో నించుమించు నాలుగవవంతు మన దేశమువారే. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి యంచనా ప్రకారము మన దేశమున 2015 లో లక్ష జనమునకు 237 మందిని క్రొత్తగా క్షయ పైకొనగా, 2023 నాటికి ఆ సంఖ్య 195 కు దిగినది. తగ్గుట సంతోషమే. కాని ఈ సగటును బట్టి లెక్కించినచో 50,000 జనముగల యొక మండలమున ఏటికి సుమారు నూఱుమంది క్రొత్త రోగులుందురు. ఆ నూఱుమందిలో మందు మొదలిడినవా రెందఱు, దానిని కడవఱకు మ్రింగినవా రెందఱు అనునదే మా ప్రశ్న. మొదలిడించుటకు వైద్యుడు చాలును. ముగింపించుటకు ఇల్లు, ఊరు, కూలి, తిండి యన్నియు గలిసి రావలయును.

ముందుగా వ్యాధి తీరును, మందు తీరును తెలిసికొందము. 1882 వ సంవత్సరము మార్చి 24 వ తేదీన జర్మను వైద్యుడు రాబర్టు కోఖు ఈ రోగమునకు గారణమగు సూక్ష్మజీవిని కనుగొంటినని బెర్లిను నగరమున వెల్లడించెను. ఊపిరితిత్తులలో క్షయగలవాడు దగ్గినప్పుడు ఆ క్రిములు గాలిలోనికి వెడలి, గాలి చొరని గదిలో చేరువ నుండువారి రొమ్ములోనికి బోవును. ఒకే కంచమున దినుటవలన గాని, ఒకే చాపపై గూర్చుండుటవలన గాని, తాకుటవలన గాని యిది యంటదు. 1943 లో అమెరికాలో మట్టియందలి యొక సూక్ష్మజీవినుండి స్ట్రెప్టోమైసిను అను మందు లభించినది. క్షయపై నిజముగ బనిచేసిన తొలిమందు మట్టిలోనే దొరకినదని రైతు లెఱుగుట బాగు. 1952 లో ఐసోనియాజిడు, అటుపిమ్మట రిఫాంపిసిను వాడుకలోనికి వచ్చినవి. నేడు సాధారణ క్షయకు మొత్తము 6 నెలల చికిత్స. మొదటి 2 నెలలు 4 మందులు, తరువాతి 4 నెలలు 3 మందులు, ప్రతిదినము మ్రింగవలయును.

రెండు నెలలకే నెమ్మదించిన వ్యాధికి ఆఱు నెలల మందేల? దీనికి మన చేలలోనే సమాధానమున్నది. తుంగ మొలచిన మడిలో పైపైన గోసివేసినచో నాలుగు దినములు చేను శుభ్రముగ నగపడును. అడుగున గడ్డ లున్నవి గావున నొక వాన పడగానే మరల దట్టముగ లేచును. క్షయక్రిములును అట్టివే. చురుకుగ పెరుగునవి మొదటి నెలలలోనే చచ్చును. మందకొడిగ నడగియున్నవి మిగులును. వానిని చంపుటకే తక్కిన నాలుగు నెలలు.

మఱియొక యపాయము గలదు. 1987 ప్రాంతమున కోస్తా జిల్లాల పత్తిచేలలో శనగపచ్చ పురుగు పైరిత్రాయిడు మందులకు లొంగక పంటలను ధ్వంసము చేసిన సంగతి పెద్దరైతులకు జ్ఞాపకముండును. ఒకే మందును అదుపు లేక చల్లుటచేత, చావక మిగిలిన పురుగుల సంతతియే చేనంతయు నిండినది. క్షయమందును ఇష్టము వచ్చినట్లు వాడి మానువాని దేహమునను నిదియే జరుగును. చావక మిగిలిన క్రిములు మందునకు లొంగనివై, అతనినే గాక అతని యింటివారిని గూడ పట్టును. అప్పుడు వేఱు మందులు, మఱింత కఠినమైన చికిత్స తప్పవు.

ఇక మూడవ నెల సంగతి. మందు మొదలిడిన కొన్ని వారములకే జ్వరము విడుచును, దగ్గు సన్నగిల్లును, ఆకలి పుట్టును. రెండు నెలలకు రోగి లేచి తిరుగును. చిక్కంతయు నిచ్చటనే యున్నది. రోగము బాధించునంతకాలము మందు వలదనువాడు లేడు. బాధ తొలగినపిదప, మందు మ్రింగుట రోగము కొఱకు గాక రాబోవు కాలము కొఱకు జేయు పనియగును. అప్పులలో నున్న యిల్లు రాబోవు కాలమును గూర్చి యాలోచింపవలెనన్న, ముందు నేటి గంజి కుదురవలయును.

మేము ప్రదర్శన క్షేత్రముల పనిమీద తిరుగు గ్రామములలో నొకదానియందు ఇట్టి సంసారము నొకదానిని జూచితిమి. రెండెకరముల కౌలుసేద్యము, ఒక గేదె, భార్యాభర్తలు, ఇద్దఱు పిల్లలు. భర్తకు వేసవిలో క్షయ యని తేలినది. రెండు నెలలు శ్రద్ధగ మందు దినెను. ఇంతలో వానలు పడి నారు ముదురుచుండెను. ఆరోగ్య కేంద్రమునకు బోయివచ్చుటకు ఒక పూట పోవును. పరగడుపున మందు వేసికొన్న వికారము పుట్టి మఱియొక పూట పోవును. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి, “అన్నా, ఈ నెల మందులు తీసికొని పోలేదేమి?” యని యడిగెను. “చెల్లెమ్మా, జ్వరము లేదు, దగ్గు లేదు. నాట్లు కానిమ్ము, తరువాత చూతము” అని యతడు చెప్పెను. నాట్ల తరువాత కలుపు, కలుపు తరువాత ఎరువు. కార్తికమాసమునకు దగ్గు మరల వచ్చినది. ఈ మాఱు పరీక్షలో పాత మందులకు క్రిములు లొంగవని తేలినది. కోత కూలికి గేదె నమ్మిరి. ఎనిమిదవ తరగతి చదువుచున్న పెద్దపిల్ల బడి మాని తల్లితో మిరపకోతకు బోవుచున్నది.

అతడు మూర్ఖుడనియు, అజ్ఞానియనియు ననుట సులభము. మేమట్లనము. నారు ముదిరినచో ఆ యేటి పంట పోవును. పంట పోయినచో కౌలు తీఱదు. కౌలు తీఱనిచో వచ్చేయేడు భూమి మఱియొకరి పాలగును. అతడు వేసిన లెక్క సేద్యగాని లెక్క. ఆ లెక్కలో మందునకు జోటు లేకపోయినది. ఆ చోటు కల్పించుట అతనియొక్కని చేతిలో లేదు. కావుననే ఇట్టివారు మందు మానుటకు గల కారణములను వరుసగ విచారింతము.

మొదటిది కూలి. రోగి దినకూలి పోవుటయే గాక, వెంట బోవువారి కూలియు బోవును. చెన్నపట్టణమందలి క్షయ పరిశోధకులు రోగులను వారి కుటుంబములను విచారించి 1999 లో ప్రచురించిన లెక్కలలో, ఒక్కొక్క రోగి సగటున 83 పనిదినములు కోల్పోయెనని తేలినది. ఆ యిండ్లలో బడికి బోవు పిల్లలలో నూటికి 11 మంది చదువు మానిరి. మందు ఉచితమైనను రోగము ఉచితము గాదని దీనివలన స్పష్టము.

రెండవది ముందటి యప్పు. దగ్గు మొదలైన నాటినుండి క్షయ యని తేలువఱకు ఊరిలోని వైద్యుడు, పట్టణములోని వైద్యుడు, సూదిమందులు, టానిక్కులు అని యిల్లు సగము గుల్లయగును. ఉచిత చికిత్స చేతికి వచ్చునప్పటికి వడ్డీవ్యాపారి గుమ్మమున నుండును. రెండు వారములు దాటిన దగ్గునకు వెంటనే తెమడ పరీక్ష చేయించినచో ఈ యప్పులో పెద్దభాగము తప్పును.

మూడవది తిండి. ఈ మందులు ఆకలి పుట్టించును. ఆకలి తీర్చుటకు ఇంట పప్పు, పాలు, గ్రుడ్డు లేనప్పుడు, ఒడలు తూలుచున్నదనియు, మందు వేడి చేయుచున్నదనియు రోగి తలంచి మానును. తప్పు మందుది గాదు, కంచముది.

నాలుగవది భయము. రిఫాంపిసినువలన మూత్రము ఎఱ్ఱగా నగును. ముందు చెప్పువారు లేనిచో రక్తము పోవుచున్నదని రోగి బెదరి మందు పాఱవేయును. ఇది మందు రంగు మాత్రమే, హాని లేదు. కాని కన్నులు పచ్చబడినను, చూపు మసకబారినను ఆనాడే వైద్యునకు జూపవలయును. కల్లు, సారాయి త్రాగువారికి కాలేయము చెడు ప్రమాద మెక్కువ. త్రాగుడు మందువేళను మఱపించును గూడ.

ఐదవది మాట పడుట. ఇది ఆడువారి విషయమున మఱింత క్రూరము. పైన జెప్పిన విచారణలోనే స్త్రీరోగులలో నూటికి 15 మంది తమ కుటుంబములవారి తిరస్కారమునకు గుఱియైరని వ్రాయబడినది. కోడలికి క్షయ యన్నచో పుట్టింటికి బంపుటయు, పెండ్లికావలసిన పిల్లకు క్షయ యన్నచో పొరుగూరికి దెలియనీయక దాచుటయు మన పల్లెలలో నెఱుగనివి గావు. బియ్యపు డబ్బాలో మందు దాచుకొని, అత్తగారు చూడనివేళ మ్రింగవలసిన చిన్నది ఆఱు నెలలు ఒక్కదినమైనను తప్పక మ్రింగునని యెట్లాశింతుము? సరియైన మందు పడిన కొద్ది వారములలోనే రోగినుండి ఇతరులకు అంటు శక్తి మిక్కిలి తగ్గిపోవును. మందు దినుచున్న కోడలివలన ఇంటికి భయము లేదు. మందు దాచుకొని మానిన కోడలివలననే భయము.

ఆఱవది వలస. పాలమూరునుండి, అనంతపురమునుండి, శ్రీకాకుళమునుండి పని వెదకికొనుచు దూరదేశములకు బోవు కుటుంబములు మందును సగములో విడిచిపోవుట కలదు. రోగి పేరు ప్రభుత్వమువారి నిక్షయ్ పట్టికలో నెక్కియుండును గావున, ముందుగ జెప్పినచో అతడు పోవు ఊరిలోని ఆరోగ్య కేంద్రమునకు చికిత్సను మార్పించుకొనవచ్చును. ఈ సంగతి మేస్త్రీలకు గాని, కూలీలకు గాని చెప్పువారు తక్కువ.

ఈ కారణములన్నిటిని జూచి, పేదవాని యింట క్షయ కుదురదని నిరాశపడ నక్కఱలేదు. దీనికి మద్రాసు నగరమే సాక్ష్యము. మందులు లేని దినములలో మదనపల్లె చేరువ ఆరోగ్యవరమున మిషను సంఘములు గలిసి నెలకొల్పిన శానిటోరియము దక్షిణదేశమున పేరుపొందెను. డేనిషు వైద్యుడు ఫ్రిమోట్ మొల్లరుగారు దానికి మొదటి ప్రధానవైద్యులు. మంచిగాలి, విశ్రాంతి, పుష్టియగు ఆహారము, ఇవియే నాటి చికిత్స. నెలల తరబడి పొలము విడిచి యచ్చటికి బోగల రైతులెందఱు? 1956 లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి మద్రాసున నొక క్షయ చికిత్సా కేంద్రమును స్థాపించి, పేదపేటల రోగులను రెండు భాగములు చేసి, కొందఱకు శానిటోరియమున, కొందఱకు తమ తమ యిండ్లలోనే ఏడాది పాటు మందు లిచ్చిరి. ఇంట నున్నవారికి తిండి తక్కువ, పని యెక్కువ, గదులు ఇఱుకు. అయినను 1959 లో ప్రకటించిన ఫలితములలో ఇరుతెగలవారికిని గుణము ఇంచుమించు సమానముగ గనబడెను. ఇంట చికిత్స పొందినవారి కుటుంబములకు అధికముగ వ్యాధి యంటినదియు లేదు. నాటినుండి ప్రపంచమంతట క్షయచికిత్స యింటిచికిత్సయైనది.

ఆ ఫలితమును జూచి, మందు చాలును, తక్కినవి యక్కఱలేదని కొందఱు తలంచిరి. వారు మఱచిన దొకటి గలదు. ఆ కేంద్రమువారు మందులు చేతబెట్టి యూరకుండలేదు. ఇండ్లకు చెప్పకుండ వచ్చి బిళ్ళలు లెక్కించిరి, మూత్రము పరీక్షించిరి, రానివారిని వెదకిరి. మందు కుదిర్చినమాట నిజమే. ఆ మందును మఱువనీయక వెంట నిలిచిన మనుష్యు లుండిరి. ఆ తోడు లేనిచోట అవే మందులు నడుమ నిలిచిపోయినవి.

తిండి విషయమున క్రొత్త సాక్ష్యము ఝార్ఖండునుండి వచ్చినది. అచ్చటి నాలుగు జిల్లాలలో రోగులకు ఆహార మిచ్చుటయే గాక, కొన్ని ప్రాంతములలో రోగి యింటివారికి గూడ తలకు నెలకు 5 కిలోల బియ్యము, 1.5 కిలోల పప్పు, విటమినులతో గూడ నిచ్చి చూచిరి. 2023 లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఆహార మందిన యింటివారిలో క్రొత్తగా క్షయ వచ్చుట నూటికి 39 వంతులు తగ్గినది. మందు మొదలిడిన రెండు నెలలలో తూకము పెరిగిన రోగులలో మరణములును తక్కువ. బియ్యము, పప్పు పండించు మనకు ఇంతకన్న దగ్గఱి మందేమున్నది?

ప్రభుత్వమువారు 2018 ఏప్రిలునుండి చికిత్సలోనున్న ప్రతిరోగికి పోషణ నిమిత్తము నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాకు పంపుచు, 2024 నవంబరునుండి దానిని 1,000 రూపాయలుగ జేసిరి. 2022 సెప్టెంబరునుండి నిక్షయ్ మిత్ర యను పేర రోగులకు ఆహారపు సరుకు లిచ్చు దాతలను గూడ ఆహ్వానించుచున్నారు. ఆ దాతలలో సహకార సంఘములను పేర్కొనియుండుట మన సభ్యులు గమనింపవలయును.

ఇక మనము చేయదగిన పనులు. మొదటిది వాయిదా. వాయిదాలోపల చెల్లించువారికి వచ్చు వడ్డీ రాయితీ, రోగి మంచమున నుండి గడువు మఱచుటచేత పోవును. కార్యదర్శి గడువునకు ముందే ఆ యింటికి గబురు పంపి, కాగితములు పూర్తిచేయించినచో సంఘమునకు నష్టములేదు, సభ్యునకు లాభము. రెండవది పని. ఒకరి చేలో నొకరు బదులు చేసికొను వాడుక మన ఊళ్ళలో నున్నదే. రోగి మడిలో నాట్లకు నలుగురు ఒకదినము బదులు పోయినచో, అతడు దానిని ఆరోగ్యము కుదిరిన యేడు తీర్చును. మూడవది తిండి. సంఘమున శ్రేయోనిధి యున్నచో దానినుండి కంది, వేరుసెనగ, గ్రుడ్లు, పాలు ఏర్పాటు చేయుట పెద్ద భారము గాదు. నాలుగవది ఖాతా. ఖాతా వివరములు సరిగా లేక సొమ్ము నిలిచిపోయిన రోగికి ఆ తప్పు దిద్దించుట చదువుకొన్న సభ్యునకు ఒక పూట పని. ఐదవది గోప్యము. రోగి పేరు మహాసభలో చదువరాదు. సాయమన్న పేర నలుగురిలో నతనిని నిలబెట్టరాదు. తెలియవలసినవారికి మాత్రము దెలిసి, సాయము పాలకేంద్రమునుండి వచ్చు పాలవలె మాటలేక ఇల్లు చేరవలయును.

మన దేశమున 1904 లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిన నాటినుండి మన పద్ధతికి పునాది జామీను. ఆస్తిలేనివానికి ఇద్దఱు పొరుగువారు జామీనుండగా సంఘము అప్పిచ్చినది. ఆ యిద్దఱు అతని సేద్యమును కనిపెట్టి, వాయిదాకు హెచ్చరించి, అవసరమైనచో తామే చేయి వేసిరి. క్షయమందునకును ఇట్టి జామీనుదారులను ప్రతి గ్రామసంఘమును ఏర్పాటు చేయవలెనని మా మనవి. రోగి నమ్మిన వారిద్దఱు చాలును. ఒకరు ప్రతిదినము మందు పడినదా యని చూచువారు. ఒకరు నాట్లు, కోతలు, వలస వచ్చినప్పుడు ఇంటి పని చక్కబెట్టువారు. అప్పు జామీను తప్పినచో పోవునది సొమ్ము. ఈ జామీను తప్పినచో పోవునది మనిషి.

ఈ నెల మీ సంఘపు పాలకవర్గ సమావేశమున, విత్తనముల పట్టికయు బాకీల పట్టికయు ముగిసిన పిమ్మట, ఈ యొక్క విషయమును చర్చకు బెట్టుడు. ఆశా కార్యకర్తను పిలిచి, మందులో మూడవ నెలకు వచ్చినవారెవరైన నున్నారా యని చాటుగ నడుగుడు. ఉన్నచో వారి మడిలో నాట్లు ఎవరు వేయుదురో ఆ దినముననే నిర్ణయించుకొనుడు.